‘ఫెయిన్’కీ ‘ప్రిటెండ్’కీ తేడా ఎక్కడుంది?

మీ ప్రశ్న ఇదీ: మారతహళ్ళి ఆఫీసులో మీ టీమ్ లీడ్ పంపిన మెయిల్‌లో ‘ప్లీజ్ డోంట్ ఫెయిన్ ఇగ్నోరెన్స్’ అని ఉంది. డిక్షనరీ తీస్తే ఫెయిన్ అంటే ప్రిటెండ్ అని ఉంది. అలాంటప్పుడు ప్రిటెండ్ అనే రాయొచ్చు కదా, ఈ మాట ఎక్కడిది, రాసేది ఎఫ్-ఇ-ఐ-జి-ఎన్ కదా, పలకని ఆ ‘జి’ మధ్యలో ఎందుకు?

మీకు అర్జెంటుగా కావలసిన సమాధానం ముందే చెప్పేస్తాను. ఆయన మిమ్మల్ని తిట్టాడు. మర్యాదగా, నాలుగు మాటల్లో, పైనుంచి ‘ప్లీజ్’ అద్ది మరీ తిట్టాడు. ‘నీకు తెలుసు, తెలిసే తెలియనట్టు నటిస్తున్నావు’ అని దాని అర్థం. బెంగళూరులో ఆఫీసు ఇంగ్లీషు నేర్పడమే నా పని కాబట్టి ఇలాంటి మెయిళ్ళు చాలా చూశాను. రాసినవాళ్ళలో సగం మందికి ఆ మాటకి ఎంత కారం ఉందో తెలియదు. మీ లీడ్‌కి తెలుసో లేదో నేను చెప్పలేను.

తేడా ఎక్కడుందంటే, ప్రిటెండ్‌లో ఆట కూడా ఇముడుతుంది. పిల్లలు మంచమెక్కి ‘ఇది బస్సు, నేను కండక్టర్ని’ అని టికెట్లు చింపి ఇస్తుంటారు. అది ప్రిటెండ్. టికెట్టు కొన్న తాతయ్యకీ అది మంచమేనని తెలుసు, అమ్మిన మనవరాలికీ తెలుసు. అక్కడ ఫెయిన్ అనే మాట పనికిరాదు. ఫెయిన్ అనాలంటే ఎదుటివాడు నిజమని నమ్మాలి, నమ్మించాలని మనం పూనుకోవాలి. అలాగని ప్రతిసారీ అది దుర్మార్గమే కానక్కరలేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటాయన తన ఫ్లాటు మున్సిపల్ రికార్డు బి-ఖాతా నుంచి ఎ-ఖాతాగా మారిన కథ మూడోసారి చెబుతుంటే ‘అయ్యో, అలాగా!’ అంటాం చూడండి, ఇంగ్లీషువాడు దాన్ని ‘ఫెయినింగ్ ఇంటరెస్ట్’ అంటాడు. పాపం తక్కువే, కానీ ఆయన నమ్మాలన్న ఉద్దేశం ఉంది కాబట్టి ఫెయిన్ అక్కడ సరిపోయింది.

వ్యాకరణంలోనూ రెండూ వేరు. ప్రిటెండ్ తర్వాత ‘టు’ పెట్టి క్రియ వేయొచ్చు, ‘దట్’ పెట్టి వాక్యమే తగిలించొచ్చు. ఇవాళ్టి ఇంగ్లీషులో ఫెయిన్ తర్వాత దాదాపు ఎప్పుడూ నామవాచకమే వస్తుంది, అదీ ఒక స్థితిని చెప్పే నామవాచకం: నిద్ర, జబ్బు, చావు, ఆశ్చర్యం, అజ్ఞానం, ఆసక్తి, నిర్లక్ష్యం. ‘హీ ఫెయిన్డ్ స్లీప్’ బాగుంటుంది, ‘హీ ఫెయిన్డ్ టు స్లీప్’ చెవికి గుచ్చుకుంటుంది. పోలీసునని చెప్పి డబ్బులు గుంజినవాణ్ణి ‘ఫెయిన్డ్ ఎ పోలీస్‌మన్’ అనకూడదు. ఇంకో మనిషిగా చెలామణీ అవడానికి ‘ఇంపర్సొనేట్’, ‘పోజ్’ లాంటి వేరే మాటలున్నాయి. పాత ఇంగ్లీషు ఇంత కట్టుదిట్టంగా లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, గాతు రాజు ఆకీషు ముందు దావీదు పిచ్చివాడిలా ప్రవర్తించిన ఘట్టం ఉంది కదా, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ, ద్వారం తలుపుల మీద గీతలు గీస్తూ. అక్కడ ‘ఫెయిన్డ్ హిమ్‌సెల్ఫ్ మ్యాడ్’ అని ఉంటుంది, అంటే తనను తాను పిచ్చివాడిగా చేసుకున్నాడని. ఈ కాలంలో ‘ఫెయిన్డ్ మ్యాడ్‌నెస్’ అంటాం.

తెలుగులో దీనికి సరిపోయే ఒక్క క్రియ వెతకొద్దు. మనం ఆ పనిని వేరే దారుల్లో చేసుకుంటాం. ఒకటి ‘దొంగ’ అని ముందు తగిలించడం: దొంగనిద్ర, దొంగ ఏడుపు, దొంగ జ్వరం. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ దొంగనిద్ర పోయేవాణ్ణి లేపలేం అంటారే, ఆ నిద్ర అచ్చంగా ‘ఫెయిన్డ్ స్లీప్’. రెండోది ‘నట్టు’: తెలియనట్టు, వినపడనట్టు, తనకేమీ పట్టనట్టు. నవ్వుకీ ఆశ్చర్యానికీ అయితే ‘తెచ్చిపెట్టుకున్న’ అనే ముచ్చటైన మాట ఉంది. తెచ్చిపెట్టుకున్న నవ్వు అంటే ‘ఫెయిన్డ్ స్మైల్’ కన్నా ఎక్కువే తెలుస్తుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే నవ్వు బయటినుంచి తేవాల్సి వచ్చిందని అందులోనే ఉంది. ఇక అమాయకత్వాన్ని నటించేవాళ్ళకి ‘నంగనాచి’ ఉండనే ఉంది. దానికి ఇంగ్లీషులో దీటైన మాట నాకింతవరకూ దొరకలేదు.

ఇప్పుడు పుట్టుక. ఇది తెలిస్తే పైన చెప్పిన వాడుకంతా ఎందుకలా ఉందో దానంతటదే తెలుస్తుంది.

ఇంగ్లీషులోకి ఫెయిన్ వచ్చింది 1300 ప్రాంతంలో, పాత ఫ్రెంచి ‘ఫెయిండ్ర్’ నుంచి. దానికి తల్లి లాటిన్ ‘ఫింగెరె’. ఈ లాటిన్ క్రియకి మొదటి అర్థం మోసం కానే కాదు, మట్టిని చేత్తో పిసికి రూపం తీయడం. కుమ్మరిని లాటిన్‌లో ‘ఫిగులుస్’ అంటారు, అదీ ఈ కుటుంబమే. వినాయక చవితికి ముందు బెన్సన్ టౌన్ పక్కన పాటరీ టౌన్ వైపు వెళ్ళి చూడండి. తడిపిన బంకమట్టిని కాళ్ళతో తొక్కి, ముద్ద చేసి, బొజ్జ ముందు నిలబెట్టి, తర్వాత తొండాన్ని వేళ్ళతో సాగదీసి, తడిచేత్తో అతుకు కనపడకుండా నునుపు చేస్తారు. ఆ చెయ్యి చేసే పనంతా ఫింగెరె. అలా చేసిన బొమ్మ ‘ఫిగర్’. ఎవరి పోలికలోనో చేసి నిలబెట్టిన రూపం ‘ఎఫిజీ’, మన రాజకీయాల్లో రోడ్డు మీద తగలబెట్టే దిష్టిబొమ్మని ఇంగ్లీషు పేపర్లు ఆ మాటతోనే రాస్తాయి. చేత్తో కాకుండా బుర్రతో చేసినది ‘ఫిక్షన్’, ‘ఫిగ్మెంట్’. మట్టికి లేని రూపం ఇచ్చినట్టే ముఖానికి లేని భావం ఇస్తే అది ఫెయిన్. అందుకే దాని పక్కన స్థితి పేరే వస్తుంది: నిద్ర, జబ్బు, ఆశ్చర్యం, ఏదైతే అది తయారుచేసిన వస్తువు. ‘డోంట్ ఫెయిన్ ఇగ్నోరెన్స్’లో కుట్టేది కూడా అదే. అజ్ఞానం మీకు లేదు, కూర్చుని తయారు చేశారు అంటున్నాడన్నమాట.

లాటిన్ దగ్గర ఆగక్కరలేదు. దానికీ వెనక, లాటిన్, గ్రీకు, సంస్కృతం, ఇంగ్లీషు వగైరా భాషలన్నిటికీ మూలమని భాషా శాస్త్రజ్ఞులు పునర్నిర్మించిన ఇండో-యూరోపియన్ భాషలో ‘ధెయ్‌ఘ్’ లాంటి ధాతువు ఉంది, పిసకడం, మెత్తడం అని అర్థం. లాటిన్‌లో మాట మొదట్లో ఉన్న ఆ ‘ధ’ ‘ఫ’గా మారుతుంది. మన ధూమమే వాళ్ళ ‘ఫూముస్’, ఇంగ్లీషులో ‘ఫ్యూమ్’. సంస్కృతంలో ఈ ధాతువు ‘దిహ్’ అయింది, పూయడం, మెత్తడం అని. దాన్నుంచి వచ్చిందే దేహం! మెత్తి కట్టిన రూపం. మరి ధేహం కావాలి కదా అని సంస్కృతం చదువుకున్నవాళ్ళు అడగొచ్చు. ఇందులోని ‘హ’ మొదట ‘ఘ’యే. ధ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు వరుసగా రెండు వస్తే సంస్కృతం మొదటిదాని ఒత్తు తీసేస్తుంది. ‘భభూవ’ కావలసింది ‘బభూవ’ అయినట్టే ఇదీ. సందేహం కూడా ఈ దిహ్ ధాతువే, ‘సం’ చేరింది. ఇదీ అదీ కలిపి పూసేసినట్టు అయిపోయి ఏది ఏదో తెలియకపోవడం. మీరు నన్నడిగిన సందేహమూ, మీకు తగిలిన తిట్టూ ఒకే వంశమన్నమాట.

ఈ వంశం పెద్దది, రెండు మూడు చెప్పి వదిలేస్తాను. ఇంగ్లీషు ‘డో’, అంటే పిసికిన పిండి ముద్ద, ఇదే. ‘లేడీ’ అనే మాట పాత ఇంగ్లీషులో ‘హ్లాఫ్‌డీగె’, రొట్టె పిండి పిసికే ఆవిడ అని. అందులో చివరి ముక్క ఈ ధాతువే. ఇరాన్ వైపు ‘దయిజ’ అంటే మట్టితో కట్టిన గోడ, చుట్టూ గోడ కట్టిన తోట ‘పయిరి-దయిజ’, అది గ్రీకుల చేతుల్లో పడి చివరికి ఇంగ్లీషు ‘పారడైజ్’ అయింది.

మన భాషలో ఇదే దారిలో నడిచిన మాట ఒకటుంది, ‘కల్పన’. కల్పించడమంటే ఏర్పరచడం, రూపొందించడం. సౌకర్యాలు కల్పిస్తారు, అవకాశం కల్పిస్తారు, కవి కల్పన అంటే మెచ్చుకుంటాం. అదే మాటతో ‘ఉన్నవీ లేనివీ కల్పించి చెప్పాడు’ అంటే అబద్ధాలకోరని. చెయ్యడం నుంచి లేనిది చెయ్యడానికి, అక్కణ్ణుంచి అబద్ధానికి మాట జారింది. పాత ఇంగ్లీషు ఫెయిన్ మన కల్పించులాగే రెండు పనులూ చేసేది. కవులు ‘ఫెయిన్’ చేస్తారని పదహారో శతాబ్దంలో అంటే అది నింద కాదు, ఊహించి సృష్టిస్తారని. షేక్‌స్పియర్ నాటకం ‘యాజ్ యూ లైక్ ఇట్’లో విదూషకుడు టచ్‌స్టోన్, అన్నిటికన్నా నిజమైన కవిత్వం అన్నిటికన్నా ఎక్కువ ఫెయిన్ చేసేదే అంటాడు. కల్పనా అనుకోవచ్చు, అబద్ధమూ అనుకోవచ్చు. ఆ రెండర్థాల మీదే చమత్కారం నిలబడింది. మొదటి అర్థం క్రమంగా జారిపోయి, ఇప్పుడు ఇంగ్లీషులో రెండోదే మిగిలింది.

ఈ రెండర్థాల వల్ల సైన్సు చరిత్రలో ఒక పెద్ద చర్చే నడిచింది. న్యూటన్ గురుత్వాకర్షణ లెక్కలు కట్టాడు గానీ, ఆ ఆకర్షణ అసలెందుకు ఉందో చెప్పలేదు. ఐరోపాలో విమర్శలొచ్చాయి. 1713లో ఆ లెక్కలున్న తన లాటిన్ గ్రంథం ‘ప్రిన్సిపియా’ రెండో ముద్రణ వచ్చినప్పుడు చివర ఒక వ్యాఖ్య చేర్చి, కారణం నేను కనుక్కోలేకపోయాను, ‘హైపోథిసీస్ నాన్ ఫింగో’ అన్నాడు. చూశారుగా, ఫింగో, మన ఫింగెరెకి ‘నేను’ చేర్చిన రూపం. 1729లో ఆండ్రూ మాట్ ఇంగ్లీషులోకి తెస్తూ దీన్ని ‘ఫ్రేమ్’ అన్నాడు, అంటే నేను ఊహా సిద్ధాంతాలు నిర్మించను అని. చాలాకాలం అదే చెల్లింది. కానీ న్యూటన్ ఊహా సిద్ధాంతాలు చెయ్యకపోవడమేమిటి, బోలెడన్ని చేశాడు! ఇరవయ్యో శతాబ్దంలో అలెగ్జాండర్ కొయ్రే అనే చరిత్రకారుడు, ఇక్కడ ఉండాల్సింది ఫ్రేమ్ కాదు, ఫెయిన్ అన్నాడు. దానికి ఆధారం న్యూటనే. స్వయంగా ఇంగ్లీషులో రాసిన ‘ఆప్టిక్స్’లో, ప్రకృతి శాస్త్రం చెయ్యాల్సింది కనపడే విషయాల నుంచి వాదించడమే తప్ప ‘ఫెయినింగ్ హైపోథిసీస్’ కాదని ఆయనే రాశాడు. అంటే సిద్ధాంతమే వద్దని కాదు, ఆధారం లేనిదాన్ని కల్పించి నిజమన్నట్టు నిలబెట్టను అని. 1999లో కోహెన్, విట్‌మన్ చేసిన కొత్త అనువాదంలో ఫెయిన్ అనే ఉంది. నన్నడిగితే తెలుగులో ‘కల్పించను’ అంటే చాలు, అందులో రెండూ ఉన్నాయి.

దగ్గరి చుట్టాలు ఇంకో ఇద్దరున్నారు, వీళ్ళని కలిపేస్తే పప్పులో కాలేసినట్టే. ‘ఫెయింట్’ అనే పలుకుతో ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. ‘ఏ’తో రాసేది, మనవాళ్ళు ‘ఎండకి ఫెయింట్ అయిపోయాడు’ అనేది, పాత ఫ్రెంచి ఫెయిండ్ర్‌కి భూతకాల రూపమే. పని తప్పించుకోవడానికి ఒంట్లో బాగాలేనట్టు నటించేవాడు, దాన్నుంచి బద్ధకస్తుడు, పిరికివాడు, నీరసమైనవాడు, చివరికి స్పృహ తప్పడం దాకా వచ్చింది. అంటే నిజంగా పడిపోయినవాడి పేరు దొంగగా పడిపోయినవాడి దగ్గర్నుంచి వచ్చింది. ఫ్రెంచిలో సోమరిని ‘ఫెనెయాఁ’ అంటారు, దాని వెనకా ఇదే క్రియ ఉంది. ‘ఏమీ చెయ్యనివాడు’ అని అర్థం వచ్చేలా జనం తర్వాత దాన్ని వంచుకున్నారు.

‘ఈ’తో రాసే ఫెయింట్ కత్తిసాము నుంచి వచ్చింది, ఒకవైపు కొడుతున్నట్టు చూపించి ఇంకోవైపు కొట్టడం. కబడ్డీ రెయిడర్ కాలు ఇటు చాపినట్టే చాపి చేత్తో అటు తాకుతాడే, అది. కంఠీరవ స్టేడియంలో ఫుట్‌బాల్ చూసే అలవాటుంటే ఈ మాటలన్నీ నియమావళిలోనే దొరుకుతాయి. 12వ నిబంధన ప్రకారం రిఫరీని మోసం చెయ్యాలని చూసినవాడికి పసుపు కార్డు. దాన్ని చెప్పిన తీరు చూడండి: ‘ఫెయినింగ్ ఇంజ్యురీ’ ఒకటి, ‘ప్రిటెండింగ్’ టు హావ్ బీన్ ఫౌల్డ్ ఇంకోటి, పక్కనే ‘సిమ్యులేషన్’. దెబ్బ తగిలిందనడం స్థితి, కాబట్టి ఫెయిన్. ఫౌల్ చేశారనడం జరిగిన సంగతి, కాబట్టి ప్రిటెండ్. నేను పైన పేరాగ్రాఫంతా రాసి చెప్పిన వ్యాకరణం వాళ్ళు అర వాక్యంలో చూపించారు. పెనాల్టీ కిక్ దగ్గర 14వ నిబంధనలో ‘ఫెయింటింగ్’ కూడా ఉంది. పరిగెత్తుకొచ్చేటప్పుడు గోలీని తికమక పెట్టొచ్చు, పరుగు ముగిశాక తన్నబోతున్నట్టు తన్నబోతున్నట్టు ఆగితే తప్పు.

‘జి’ సంగతి. ఫ్రెంచి క్రియలో కొన్ని రూపాల్లో ‘న్య’ లాంటి ధ్వని ఉండేది, దాన్ని జి-ఎన్ అని రాసేవారు. ఇంగ్లీషువాళ్ళు తొలిరోజుల్లో చాలామట్టుకు జి లేకుండానే రాసుకున్నారు, తర్వాత ఫ్రెంచి రాతని, దాని వెనక లాటిన్‌నీ చూసి జి స్థిరపడింది. పలుకు మాత్రం మారలేదు, రెయిన్‌కి ప్రాస. ‘ఫెయిగ్న్’ అని కష్టపడి పలకొద్దు, ‘ఫీన్’ అనొద్దు. ‘ఫారిన్’, ‘సావరిన్’ మాటల్లో ఉన్న జికి ఈ పాటి హక్కు కూడా లేదు. వాటి లాటిన్ మూలాల్లో అసలు జియే లేదు, పక్కవాళ్ళని చూసి పెట్టుకున్నారంతే.

ఇక ప్రిటెండ్ దారే వేరు. లాటిన్‌లో ‘ప్రయి’ అంటే ముందు, ‘తెందెరె’ అంటే చాచడం. సంస్కృతంలో తంతువు, తంత్రం అనే మాటల్లో ఉన్న ‘తన్’ ధాతువుకి ఇది చుట్టం. ముందుకి చాచి చూపించడం, అంటే ఇది నాది, ఇది ఇలా అని చెప్పుకోవడం. మొదట అందులో అబద్ధం లేదు. 1745లో స్కాట్లండ్‌లో తిరుగుబాటు లేవదీసిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్‌ని ‘యంగ్ ప్రిటెండర్’ అంటారు. వేషగాడని కాదు, సింహాసనం మాదని హక్కు చెప్పుకున్నవాడని. ఫ్రెంచిలో ఈ క్రియకి ఇప్పటికీ ‘చెప్పుకోవడం’ అనే అర్థమే. హక్కు చెప్పుకునేవాళ్ళందరినీ లోకం నమ్మదు కాబట్టి ఇంగ్లీషులో మాట మెల్లగా నటన వైపు తిరిగింది, పిల్లల ఆట దాకా వచ్చింది. ఈ తేడా గుర్తుంటే చాలు: ప్రిటెండ్‌లో ఉన్నది చెప్పుకోవడం, ఫెయిన్‌లో ఉన్నది తయారుచేయడం.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి, ఎందుకంటే ఐటీ ఆఫీసుల్లో ఈ మాట ఎక్కువగా చిక్కులు తెచ్చేది సిక్ లీవు దగ్గర. ‘ఫెయిన్డ్ ఇల్‌నెస్’ అని ఎవరి గురించీ మెయిల్‌లో రాయకండి. లాభం కోసం కావాలని జబ్బు నటించడానికి వైద్యులకి ‘మాలింగరింగ్’ అనే వేరే మాట ఉంది, పద్దెనిమిదో శతాబ్దంలో సైన్యం నుంచి వచ్చింది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దానికి జడ్ 76.5 అని కోడ్ కూడా ఉంది. పరీక్షల్లో ఏమీ దొరకలేదు కాబట్టి నటనే అని డాక్టర్లే తొందరపడి అనరు. నిజంగా నొప్పి ఉండి, పరీక్షలో కారణం కనపడని మనుషులు ఎందరో ఉన్నారు. ఆ తేల్చే పని మనది కాదు.

చివరిగా మీ మెయిల్. ‘ఐ యామ్ నాట్ ఫెయినింగ్’ అని జవాబు రాయొద్దు. అలా రాస్తే ఆ మాటని మీరే ఇంకోసారి మీ పేరు పక్కన పెట్టినట్టవుతుంది, సీసీలో ఉన్నవాళ్ళందరూ చూస్తారు. ఎప్పటి నుంచి తెలియదో తేదీతో చెప్పండి. ‘ఆ మార్పు సంగతి నాకు మంగళవారం కాల్ దాకా తెలియదు, అంతకుముందు మెయిళ్ళలో నేను లేను’ అన్న విషయాన్ని సాదా ఇంగ్లీషులో, ‘ఐ వాజ్ నాట్ అవేర్ ఆఫ్ దిస్ అంటిల్ ట్యూస్‌డే’ అని మొదలుపెట్టి రెండు వాక్యాల్లో రాసి, పాత మెయిల్ గొలుసు కింద జతచేయండి. తెలిసే ఊరుకున్నారా? అలాగైతే రాయడం మానేసి లీడ్ సీటు దగ్గరికి వెళ్ళి మాట్లాడటం మేలు.